బీరువాలో కంప్యూటరు, బయట ఊరు

నిడుగల్లు పురపాలక సంఘంలో కంప్యూటరు బీరువాలో ఉంటుంది. ఇందులో వింతేమీ లేదు. విలువైన పరికరాలను రెండు తాళాల కింద భద్రపరచాలని నియమం ఉంది. ఆ ఆఫీసులో దానికన్నా విలువైన పరికరం మరొకటి లేదు. అందుకని అది వచ్చిన రోజునే బొట్టు పెట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, కవరు విప్పితే దుమ్ము పడుతుందని కవరుతో సహా ఇనప బీరువాలో పెట్టి తాళాలు బిగించారు. బీరువా వెనక చిన్న కన్నం పొడిచి వైర్లు బయటికి లాగారు. తెరా, కీబోర్డూ, మౌసూ బల్లమీద ఉంటాయి. గోడకున్న స్విచ్చి వేస్తే లోపల అది మేలుకుంటుంది.

మేలుకున్న కాసేపటికి బీరువా వేడెక్కుతుంది. సిబ్బందికి ఆ వేడి బాగానే కలిసొచ్చింది. పొద్దున తెచ్చుకున్న క్యారేజీలు దానిమీద పెట్టుకుంటే మధ్యాహ్నానికి అన్నం పొగలు కక్కుతూ ఉండేది.

ఆ బల్ల ముందు కూర్చునేవాడు త్రిమూర్తులు, కంప్యూటర్ ఆపరేటరు. కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా మార్చి వచ్చేసరికి అతనికి ఆకలి మందగించేది. పొడిగింపు ఉత్తర్వు చేతికొచ్చాక మళ్లీ రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. ఇలా ఎన్ని మార్చిలు గడిచాయో లెక్క మరిచిపోయాడు. ఉద్యోగం పర్మినెంటు కావాలన్నది తప్ప అతనికి ఈ లోకంలో మరో కోరిక లేదు.

అప్పట్లో రాష్ట్రమంతటా ఆటల జ్వరం నడుస్తోంది. జనం ఆఫీసుల చుట్టూ తిరగకుండా ఆటలోనే తిరిగితే బాగుంటుందని పైవాళ్లకు తోచింది. ప్రతి పట్టణానికీ ఒక వీడియో గేము. పథకం పేరు 'ఉన్నది ఉన్నట్టు'. పౌరుడు తెరమీద ఒక బొమ్మను నడిపించుకుంటూ ఊరంతా చుట్టిరావచ్చు, ఎండిన కుళాయి చూడొచ్చు, నిండిన కాలవ చూడొచ్చు, ఆఫీసులోకి వెళ్లి కమిషనరు బొమ్మకు దణ్ణం పెట్టొచ్చు. పథకంతో పాటు ఒక హెచ్చరిక కూడా వచ్చింది. 'ఆటలో కనబడు పట్టణమునకును, వాస్తవ పట్టణమునకును నడుమ ఎట్టి వ్యత్యాసమును ఉండరాదు. ఉన్నచో సంబంధిత అధికారియే బాధ్యత వహించవలెను.'

కంపెనీవాళ్లు వచ్చి ఊరంతా ఫొటోలు తీసుకుపోయి మనిషినీ మాకునూ వదలకుండా ఆటలోకి ఎక్కించారు. స్టేషన్ రోడ్డు మలుపులో నిద్రగన్నేరు చెట్టు కింద ఉండే పునుగుల బండిని కూడా ఎక్కించారు. ఆ బండి త్రిమూర్తులు భార్య మంగతాయారుది. పొడిగింపు ఉత్తర్వు ఆలస్యమైన నెలల్లో ఆ సంసారం బండిమీదే నడిచేది. ఉత్తర్వు సమయానికి వచ్చిన నెలల్లో కూడా దాదాపు అంతే.

ప్రారంభోత్సవానికి సాక్షాత్తూ మంత్రిగారే వచ్చి ఆట ఆడతారని కబురొచ్చింది. ముందుగా ఒకసారి సరిచూసుకుందామని కమిషనర్ వైకుంఠరావుగారు స్వయంగా బల్ల ముందు కూర్చున్నారు. తెరమీద ఆయన బొమ్మ కార్యాలయం మెట్లు దిగి, హుందాగా కుడికాలు ఎత్తి, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. ఉన్నట్టుండి బొమ్మ ఎగిరి ఎక్కడో తేలింది. తేలిన చోటు మురుగు కాలవ.

"నన్నెవరు తోశారు?" అన్నారు వైకుంఠరావుగారు.

ఎవరూ తోయలేదని, ఆట ఆగి ఆగి నడుస్తోందని త్రిమూర్తులు వినయంగా విన్నవించాడు. మళ్లీ ఆడారు. మళ్లీ కాలవే. స్టేషన్ రోడ్డు మలుపు వచ్చేసరికైతే తెర మొత్తం బిగుసుకుపోయింది. ఆయన లేచి చేతులు తుడుచుకుని, "త్రిమూర్తులూ, మంత్రిగారి బొమ్మ కాలవలో పడిందంటే నా సంగతి తర్వాత, నీ పొడిగింపు సంగతి ముందు ఆలోచించుకో. ఆట సాఫీగా సాగిందా, నీ పర్మినెంటు ఫైలు నేనే పైకి పంపిస్తాను" అన్నారు. ఆ రాత్రి త్రిమూర్తులుకు నిద్ర పట్టలేదు. భయంతో కొంతసేపు, ఆశతో కొంతసేపు దొర్లాడు.

కంపెనీ నుంచి ఇమ్రాన్ అనే ఇంజనీరు వచ్చాడు. తెర వంక ఒకసారి చూసి, బీరువా మీద చెయ్యి వేసి, చురుక్కుమనేసరికి తీసేశాడు.

"ఇదేంటి సార్, కంప్యూటర్‌ని ఉడకబెడుతున్నారా? గాలాడక వేడెక్కిపోయి మందగిస్తోంది. బీరువా తీసి, ఆ కవర్ విప్పి పక్కన పెట్టండి. ఆట నీళ్లలా నడిచిద్ది."

"ఆ సంగతి మాకు తెలుసండి" అన్నారు కమిషనరుగారు.

నిజమే, అందరికీ తెలుసు. క్యారేజీలు పెట్టుకునేవాళ్లకు తెలియకుండా ఎలా ఉంటుంది? చిక్కల్లా రెండో తాళంచెవిది. మొదటిది కమిషనరుగారి దగ్గరుంది. రెండోది స్టోర్ కీపర్ భీమశంకరం దగ్గరుంది. ఆయన సస్పెన్షన్‌లో ఉన్నాడు. తాళంచెవి ఇమ్మని అడిగితే ఆయన ఇంకా స్టోర్ కీపరేనని ఒప్పుకున్నట్టవుతుంది, కోర్టులో కేసు వీగిపోతుంది. తాళం పగలగొడదామంటే అది ప్రభుత్వ ఆస్తి ధ్వంసం. భీమశంకరం మాత్రం ఎదురువీధిలోనే ఉంటాడు. రోజూ సాయంత్రం ఆఫీసు ముందునుంచే షికారుకు వెళతాడు, మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి లుంగీ మీదుగా వేలాడుతూ అందరికీ కనిపిస్తూనే ఉంటుంది.

"కనుక బీరువాను మినహాయించి, పరిపాలనాపరంగా సాధ్యమయ్యే పరిష్కారం సూచించండి" అన్నారు వైకుంఠరావుగారు.

ఇమ్రాన్ తల గోక్కున్నాడు. "అయితే ఆటలోనే బరువు తగ్గించాలి సార్. చెట్లు, నీడలు, పొగ, జనం, వీటన్నిటినీ గీయడానికే కంప్యూటర్‌కి చచ్చే చాకిరీ. కొన్ని తీసేద్దాం." అని మచ్చుకు మార్కెట్ దారిలో చెట్లు తీసేశాడు. కమిషనరుగారి బొమ్మ కార్యాలయం నుంచి మార్కెట్ దాకా కాలవ వైపు కన్నెత్తి కూడా చూడకుండా నడిచింది. గదంతా చప్పట్లు కొట్టింది. త్రిమూర్తులు ఇమ్రాన్ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

వైకుంఠరావుగారు మాత్రం దగ్గారు. "ఆటలో చెట్లు లేవు. ఊళ్లో ఉన్నాయి. ఇది వ్యత్యాసం. మార్గదర్శకాలకు విరుద్ధం."

"అయితే తిరిగి పెట్టేయనా సార్?"

"పెట్టేస్తే నేను కాలవలో పడతాను." ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి, ఊరి వంక చాలాసేపు చూశారు. వెనక్కి తిరిగినప్పుడు ముఖం ప్రశాంతంగా ఉంది. "వ్యత్యాసమనేది రెండింటి మధ్య ఉంటుంది. దాన్ని ఆ వైపు నుంచైనా తొలగించవచ్చు, ఈ వైపు నుంచైనా తొలగించవచ్చు. ఏ వైపు నుంచి అనేది మార్గదర్శకాల్లో ఎక్కడా నిర్దేశించలేదు."

ఇమ్రాన్‌కు అర్థం కాలేదు. ఆఫీసులో మిగతా అందరికీ వెంటనే అర్థమైంది.

అలా మొదలైంది. ముందుగా మార్కెట్ దారి చెట్లు కొట్టించారు, మిగతా వీధుల చెట్లు వరసలో ఉన్నాయి. తర్వాత గోడలు. ఆటలో రంగురంగుల గోడలూ, పోస్టర్లూ, దుకాణాల బోర్డులూ బరువని తేలింది. ఊరంతా తెల్లసున్నం కొట్టించారు. బోర్డుల మీద కూడా కొట్టేసరికి మందుల షాపు ఏదో, మంగలి షాపు ఏదో తెలియక జనం తలుపు తోసి చూడాల్సి వచ్చింది. తర్వాత దూరం. దూరంగా ఉన్నవి కనబడకపోతే కంప్యూటరుకు సుఖమని ఇమ్రాన్ ఆటలో వీధి చివర మంచు దించాడు. వైశాఖమాసంలో నిడుగల్లుకు మంచు ఎక్కడినుంచి తెస్తారు? దోమల పొగ యంత్రాలను ప్రతి వీధి చివరా నిలబెట్టి పొద్దస్తమానం పొగ కొట్టించారు. దోమలు చావలేదు గానీ ఊరికి చివరలు కనబడటం మానేశాయి.

నీడల దగ్గర కొంత చర్చ జరిగింది. మనిషి ఉన్నంతకాలం నీడ ఉంటుందని టౌన్ ప్లానింగ్ ఆయన ఆక్షేపణ లేవదీశాడు. మిట్టమధ్యాహ్నం నీడ కాళ్ల కిందే ఉంటుంది, బయటికి రాదని శానిటరీ ఇన్‌స్పెక్టరు జవాబిచ్చాడు. 'ఇందుమూలముగా పట్టణ ప్రజలకు తెలియజేయునదేమనగా, ఉదయ సాయంకాలములందు నీడతో సంచరించుట నిషేధింపబడినది. అత్యవసర పనులు కలవారు మధ్యాహ్న సమయమున సంచరించవచ్చును' అని ఆటోలో మైకు పెట్టి చాటించారు. ఎండ దెబ్బకు పడిపోయినవాళ్లకు మజ్జిగ పంపిణీ చేశారు. పాలకవర్గానికి ఎంతో కొంత మానవత్వం ఉండాలి కదా.

ఇన్ని చేసినా స్టేషన్ రోడ్డు మలుపులో ఆట బిగుసుకుపోతూనే ఉంది. ఇమ్రాన్ కారణం వెతికి చూపించాడు. చెట్టు ఆకులు, పొయ్యి పొగ, మూకుడు ఆవిరి, చుట్టూ జనం, అన్నీ ఒకేచోట పోగయ్యాయి. ఆట మొత్తానికి అదే అన్నిటికన్నా బరువైన చోటు. అందరూ త్రిమూర్తులు వంక చూశారు. త్రిమూర్తులు కీబోర్డు వంక చూశాడు.

ఆ సాయంత్రం అతను బండి దగ్గరికి వెళ్లి, పునుగులు తినేవాళ్లంతా పోయేదాకా ఆగి, విషయం నసిగాడు.

"పొగ లేకుండానా?" అంది మంగతాయారు. "కట్టెల పొయ్యి మీద నూనె పెడితే పొగ రాక పన్నీరొస్తుందా అండి?"

"గ్యాసు పెట్టుకుందాం మంగా. నాలుగు రోజులు ఓర్చుకో. ఆట సాఫీగా నడిస్తే ఫైలు పంపిస్తానని ఆయన నోటితోనే అన్నారు."

"మీరు పర్మినెంటు అవడానికి నేను టెంపరరీ అవ్వాలన్నమాట" అంది ఆవిడ. అన్నా, మర్నాడే కట్టెలు మానేసి గ్యాసు పెట్టింది. పొగ పోయింది, దాంతో పాటు రుచీ కొంత పోయిందని పాత బేరగాళ్లు సణిగారు.

ఆవిరి మిగిలింది. బండికి రేకు కప్పించారు. జనం మిగిలారు. ఒక్కొక్కరే వచ్చి తిని పోవాలని, తక్కినవాళ్లు కంటికి ఆనకుండా సున్నం గోడల వెనక నిలబడాలని ఉత్తర్వు. చట్నీ అయిపోయిందో ఉందో గోడ వెనకనుంచి కేకలు వేసి కనుక్కునేవారు. ఆ తర్వాత చెట్టు వంతు వచ్చింది. నిద్రగన్నేరును కొట్టిన రోజున మంగతాయారు బండి మూసి ఇంటికొచ్చి పడుకుంది. త్రిమూర్తులు ఆవిడ పక్కన కూర్చుని ఏదో చెప్పబోయాడు. లోలోపల మాత్రం, చెట్టు పోయింది కాబట్టి మలుపు కాస్త తేలికై ఉంటుందని, రేపు పొద్దున్నే వెళ్లి ఆడి చూడాలని అనుకున్నాడు. అనుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

మలుపు తేలికైంది గానీ పూర్తిగా కాలేదు. చివరికి బండిని తొలగించాలని తీర్మానం జరిగింది. ఇక్కడ వైకుంఠరావుగారు తన దక్షత చూపించారు. బండిని ముందు ఊళ్లో తీసి తర్వాత ఆటలో తీస్తే ఈ నడుమ వ్యత్యాసం ఏర్పడుతుంది. ముందు ఆటలో తీసినా అంతే. "కావున రెండు తొలగింపులూ ఏకకాలంలో జరగవలెను" అన్నారు. శానిటరీ ఇన్‌స్పెక్టరు లారీతో మలుపు దగ్గరికి వెళ్లాడు. త్రిమూర్తులు ఫోను స్పీకర్‌లో పెట్టి మౌసు పట్టుకుని కూర్చున్నాడు.

"ఎత్తుతున్నామయ్యా, సిద్ధమా?" అంది ఫోను. దాని వెనకనుంచి మంగతాయారు గొంతు వినిపించింది. ఆవిడ తిట్టడం లేదు, ఏడవడం లేదు. "మూకుడు జాగ్రత్త బాబూ, నూనె కాగి ఉంది, చెయ్యి కాల్చుకుంటారు" అంటోంది.

"ఎత్తాం. నొక్కు!"

నొక్కాడు. తెరమీద మంగతాయారు, బండి, మూకుడు, అట్లకాడ అన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. వైకుంఠరావుగారి బొమ్మ మలుపు మీదుగా ఆగకుండా, తొణక్కుండా నడుచుకుంటూ పోయింది. గదంతా చప్పట్లు కొట్టింది. త్రిమూర్తులు కూడా కొట్టాడు. కొట్టాక తన చేతులు చూసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

మంగతాయారు డబ్బుల రేకు పెట్టెతో, ఖాళీ మూకుడుతో మంచు అవతలికి, అంటే పొగ అవతలికి వెళ్లింది. వాగు దాటితే పంచాయతీ హద్దు. అక్కడింకా ఆట రాలేదు, చెట్లున్నాయి, నీడలున్నాయి. కొత్త బండి అద్దెకు తీసుకుని రోడ్డు పక్కన పెట్టింది. ఊళ్లో ఒక్కొక్కరుగా తినలేక విసిగిపోయిన బేరగాళ్లంతా అక్కడికి చేరారు. వాళ్ల వెనకే కూరగాయలవాళ్లు, పూలవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు చేరారు. వాగుకు ఇటు నిడుగల్లు తెల్లగా, శుభ్రంగా, నిర్జనంగా ఉంది. నిడుగల్లు జనమంతా అటు ఉన్నారు.

ప్రారంభోత్సవం దగ్గరపడింది. ఊరంతా సాఫీగా ఉన్నా ఒక్కచోట మాత్రం ఆట ఇంకా తడబడుతోంది. అది సాక్షాత్తూ పురపాలక కార్యాలయం. లోపల సిబ్బంది బొమ్మలు, ఫ్యాన్లు, బల్లలు, వాటిమీద గుట్టలుగా ఫైళ్లు. ఏ కాగితానికా కాగితం విడిగా గీశారట.

"ఫైళ్లు తగ్గించండి" అన్నాడు ఇమ్రాన్.

"అవి శాశ్వత దస్తావేజులు. ముట్టుకోరాదు" అన్నారు వైకుంఠరావుగారు.

"అయితే మనుషుల్ని."

"వీరంతా శాశ్వత ఉద్యోగులు. సర్వీసు నిబంధనలు అంగీకరించవు." ఆయన గదంతా కలయజూస్తూ వచ్చి, శాశ్వతం కానిది ఎక్కడుందో వెతికి, బల్ల దగ్గర ఆగారు. గొంతులో నిజంగానే ఆర్ద్రత ఉంది. "త్రిమూర్తులూ, ఈ ఆట కోసం నువ్వు చేసిన త్యాగం ఈ సంస్థ మరువదు. సొంత భార్యను కూడా లెక్కచేయలేదు. ఇంకొక్క అడుగు ముందుకెయ్యి."

"నా ఫైలు పంపిస్తానన్నారు కదండీ" అన్నాడు త్రిమూర్తులు.

"పంపడానికి సిద్ధంగానే ఉంది. కానీ నువ్వు ఉంటే ఆట తడబడుతోంది. ఆట తడబడితే ఫైలు పంపడం కుదరదు. నువ్వు లేకపోతే ఆట సాఫీగా సాగుతుంది, ఫైలూ నిరాటంకంగా వెళుతుంది. అందులో ఎవరి పేరుంటుందనేది అప్పుడు చూద్దాం."

కాంట్రాక్టు రద్దు ఉత్తర్వు మీద సంతకం పడుతున్న క్షణంలోనే, ఏకకాలంలో, త్రిమూర్తులు తెరమీద తన బొమ్మను తనే తీసేశాడు. వేరెవరికీ ఆ పని రాదు మరి. కుర్చీ మాత్రం మిగిలింది, ప్రభుత్వ ఆస్తి కాబట్టి.

ప్రారంభోత్సవం రోజున అతన్ని బయటి వ్యక్తి కింద పిలిపించి, సందర్శకుల పాసు ఇచ్చి, ఆట నడిపించమన్నారు. మంత్రిగారు మిట్టమధ్యాహ్నం వచ్చారు. పొగలోంచి కారు దిగి, తెల్లటి గోడలు చూసి, "ఊరు ఎంత ప్రశాంతంగా ఉందయ్యా!" అని మెచ్చుకుని బల్ల ముందు కూర్చున్నారు. తెరమీద ఆయన బొమ్మ మార్కెట్ చుట్టింది, స్టేషన్ రోడ్డు చుట్టింది, ఎక్కడా ఒక్క మనిషి అడ్డు రాలేదు. చివరికి కార్యాలయం గుమ్మం దగ్గరికి వచ్చింది. కుడికాలు ఎత్తింది. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది.

వైకుంఠరావుగారి నుదుట చెమట పట్టింది.

"ఇదేంటి, ఇక్కడ ఆగిపోయింది?" అన్నారు మంత్రిగారు.

"మునిసిపల్ ఆఫీసు కదండీ" అన్నారు ఎవరో, వెనకనుంచి, అప్రయత్నంగా. "ఎవరొచ్చినా అక్కడ కాసేపు ఆగాల్సిందే."

మంత్రిగారు ఒక క్షణం ఆలోచించి, కుర్చీలో వెనక్కి వాలి పకపకా నవ్వారు. "భేష్! ఉన్నది ఉన్నట్టు అంటే ఇదయ్యా! మిగతా ఊళ్ల ఆటల్లో ఆఫీసులోకి దూసుకుపోతున్నారు, నమ్మబుద్ధే కాలేదు. ఈ ఆగడం అలాగే ఉంచండి, మార్చొద్దు." నిడుగల్లుకు ఉత్తమ పట్టణం బహుమతి అక్కడికక్కడే ప్రకటించారు. వైకుంఠరావుగారు దండ మెడలో వేయించుకుని, ఆ ఆగడాన్ని సాధించడానికి సిబ్బంది రేయింబవళ్లు శ్రమించారని మనవి చేసుకున్నారు.

త్రిమూర్తులు సందర్శకుల పాసు గేటు దగ్గర తిరిగి ఇచ్చేసి, ఎండలో నడుచుకుంటూ, పొగలోంచి దగ్గుకుంటూ వాగు దాటాడు. అవతల తుమ్మచెట్టు కింద మంగతాయారు బండి చుట్టూ సందడిగా ఉంది. అతను జనం వెనక చాలాసేపు నిలబడ్డాడు. ముందుకు వెళ్లే ధైర్యం లేకపోయింది. ఆవిడే చూసి, జనాన్ని తప్పించి, ఒక పొట్లం చేతిలో పెట్టింది. అతను తిన్నాడు. ఆవిడ మూకుట్లో పిండి జారవిడుస్తూ, తల ఎత్తకుండానే అడిగింది.

"నన్ను తీసేసినప్పుడు ఆట సాఫీ అయిందా అండి?"

అబద్ధం చెబుదామనుకుని మానేశాడు. "అయింది మంగా. చాలా తేడా వచ్చింది. ఊరు మొత్తంలో అన్నిటికన్నా బరువు నీ దగ్గరే ఉందంట."

ఆవిడ పునుగులు తిరగేసింది. "మరి మిమ్మల్ని తీసేసినప్పుడో?"

త్రిమూర్తులు పొట్లం కాగితం మడతపెడుతూ ఆలోచించాడు. బొమ్మ పోయాక తెర వంక అతను ఎంతో ఆశగా చూశాడు, ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

"ఏ తేడా రాలేదు" అన్నాడు.

మంగతాయారు మొదటిసారి తల ఎత్తి అతని ముఖంలోకి చూసింది. తర్వాత కత్తిపీట కాలితో అతని వైపు జరిపింది.

"ఉల్లిపాయలు ఆ సంచిలో ఉన్నాయి" అంది. "సన్నగా తరగండి, బేరాలున్నాయి."